పెద్దాయనకు కంటి ఆపరేషన్

మీరు నవ్వకుండా వింటామంటేనే చెబుతాను. ఆ శనివారం పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా నేను పడిన భయం పగవాడికి కూడా వద్దు. ఆ మూడు గంటల్లో వీధి తలుపు వైపు నేను ఎన్నిసార్లు చూశానో మా అత్తగారు లెక్కపెట్టారట. నలభై రెండు సార్లు.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అత్తగారు. నాలుగో మనిషి పెద్దాయన. పెద్దాయనంటే మా మామగారు కాదు, కంప్యూటరు. పదకొండేళ్లుగా హాల్లో ఓ మూల బల్ల కింద కూర్చుని, మీట నొక్కగానే రెండుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని పనిలోకి దిగుతాడు కాబట్టి ఆ పేరు పెట్టాం.

పెద్దాయన నా సొత్తు కాదు, మా ఆవిడ సొత్తు. ఆవిడ ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. ఇంజనీరు గారు కాగితం మీద పెన్సిల్‌తో నాలుగు గీతలు గీసి పంపితే, వాటిని కొలతలతో సహా గోడలుగా, గుమ్మాలుగా, మెట్లుగా మార్చేది ఆవిడే. పదకొండేళ్లుగా గీసిన గోడలూ గుమ్మాలూ అన్నీ పెద్దాయన కడుపులోనే ఉన్నాయి. మూడు నెలలుగా ఒక స్కూలు భవనం గీస్తోంది. ఇంతవరకు ఆవిడ చేతికి వచ్చిన పనుల్లో అదే పెద్దది. సోమవారం సాయంత్రం ఐదింటికల్లా ఇచ్చేయాలి. ఈసారి ప్లాను మీద తన పేరు పక్కన ఆవిడ పేరు కూడా వేస్తానని ఇంజనీరు గారు మొట్టమొదటిసారి మాటిచ్చారు. ఆ మాట విన్న రోజు ఆవిడ ఇంట్లో రెండుసార్లు ఊరికే నవ్వుకుంది.

చిక్కేమిటంటే, పెద్దాయనకు చూపు మందగించింది. రెండు నెలలుగా తెర నిండా ఆకుపచ్చ గీతలు. ఏది తను గీసిన గోడో, ఏది పెద్దాయన గీసిన గీతో తేల్చుకోలేక మా ఆవిడ కళ్లు చికిలించి చికిలించి, సాయంత్రానికి కళ్లల్లో చుక్కల మందు వేసుకుని కూర్చునేది.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అందరూ పోస్టుమార్టం అంటారు. ఏ మిషను మూత తీసినా ముందు ఓ నిట్టూర్పు విడిచి, "ఎప్పుడు పోయింది?" అని అడగడం ఆయన అలవాటు. ఆయన వచ్చి చూసి, "గ్రాఫిక్స్ కార్డు పోయిందమ్మా. తెర మీద బొమ్మ వేసేది అదే. కొత్తది పెట్టాలి. మంగళవారం దాకా నాకు ఖాళీ లేదు," అన్నాడు.

"అయితే మంగళవారమే పెట్టించుకుందాం," అంది మా ఆవిడ. "అప్పటిదాకా ఎవరూ ఈ మూత ముట్టుకోవద్దు."

ఇంట్లో ముగ్గురమున్నా, 'ఎవరూ' అన్నప్పుడు ఆవిడ నా ఒక్కడి వైపే చూసింది.

అలా చూడటానికి కారణం ఉంది. దాచుకుంటే దాగేది కాదు కాబట్టి చెబుతాను. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నేను మా ఇంట్లో చాలా వస్తువులు బాగుచేశాను. నేను చెయ్యి పెట్టాక కుళాయిలో నీళ్లు రావడం మానేసి గోడలోంచి రావడం మొదలుపెట్టాయి. ఫ్యాను గాలిని కిందికి కాకుండా పైకి విసరసాగింది. మా ఆవిడ తన పనికి కాపీ ఉండాలని కొనుక్కున్న చిన్న డిస్కును నేను శుభ్రం చేస్తుండగా అది చేజారి నేల మీద పడి, మళ్లీ నోరు విప్పలేదు. ప్రతిసారీ ఆవిడ వచ్చి అడిగితే నా నోట ఒకే మాట వచ్చేది. "అది ముందే అలా ఉంది."

ఆ మాట ఎంత పేరు తెచ్చిందంటే, మా ఆవిడ తమ్ముళ్లూ చెల్లెళ్లూ నన్ను 'ముందే బావ' అని పిలుస్తారు. మొదట్లో చాటుగా పిలిచేవారు, ఇప్పుడు ఎదురుగానే పిలుస్తున్నారు.

ఈ పేరు తుడిచేయాలంటే ఇదే అదను అనిపించింది. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఆవిడ ఒకసారి నా కళ్లముందే ఒక చేత్తో టీ తాగుతూ, రెండో చేత్తో ఈ కార్డు మార్చేసింది. టీ చల్లారకముందే పని అయిపోయింది. నాకు రెండు చేతులూ ఖాళీగానే ఉంటాయి, టీ కూడా తాగను, ఇంకేం కావాలి? శనివారం మా ఆవిడ సైటుకు వెళ్లి ఒంటిగంటకు వస్తుంది. ఈలోగా కార్డు పెట్టేసి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటూ కూర్చుంటాను. ఆవిడ మీట నొక్కుతుంది. గీతల్లేని తెర చూసి నా వైపు తిరుగుతుంది. ఆ తిరగడం నేను బస్సులో కూర్చుని పది రకాలుగా ఊహించుకున్నాను.

గురువారం ఆఫీసు నుంచి వస్తూ కార్డు కొన్నాను. పాత కంప్యూటరని చెబితే కొట్టు ఆయన, "దీనికి వేరే కరెంటు తీగ అక్కర్లేదండీ, స్లాటులో దిగితే చాలు. కాస్త పొడుగుంటుంది, అంతే," అని భరోసా ఇచ్చాడు. వారంటీకి ఫోను నంబరు అడిగితే గడగడా అప్పజెప్పాను. డబ్బాను గొడుగు సంచిలో దూర్చి ఇంటికి తెచ్చి, బీరువా పైన పాత సూట్‌కేసు వెనకాల దాచాను.

శనివారం పొద్దున మా ఆవిడ బయల్దేరింది. చేతిలో టేపు, కాగితాల గొట్టం, భుజానికి పెద్ద లంచ్ బాక్సు.

"ఒంటిగంటకు వచ్చేస్తానంటూ బాక్సెందుకు?" అన్నాను.

"మధ్యలో ఆకలేస్తే?"

"మరి అంత పెద్దదా?"

"ఆకలి పెద్దదైతే?" అని చెప్పులేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, "ఏమండీ, ఇవాళ ఏం చేస్తారు?" అంది.

"ఏముంది, పేపరు చదువుకుంటాను."

"చదువుకోండి. జాగ్రత్తగా చదువుకోండి," అని వెళ్లిపోయింది. పేపరు జాగ్రత్తగా చదవడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఇక మిగిలింది మా అత్తగారు. ఆవిడ ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో ఆపరేషన్ల గదిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. రోజూ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని స్వెట్టరు అల్లుతుంటారు. ఆ కుర్చీకి పెద్దాయన రెండడుగుల దూరం.

నేను స్క్రూడ్రైవర్ తీసుకుని రాగానే సూదులు ఆగాయి.

"అల్లుడుగారూ, ప్లగ్గు తీశారా?"

"తీశానండీ."

"ఏదీ, చూపించండి."

ప్లగ్గు పట్టుకుని చూపించాను. ఆవిడ తల ఊపి మళ్లీ అల్లడం మొదలుపెట్టారు. వద్దనలేదు, ఎందుకనలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

మూత స్క్రూలు ఇట్టే వచ్చేశాయి. పదకొండేళ్ల మూత ఇంత తేలిగ్గా రావడం నా చేతి చలవేననుకున్నాను. తీసి చూద్దును కదా, లోపల బూడిదరంగు దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు దుమ్ము. దాని కింద తీగలు, ఆకుపచ్చ పలకలు, వేల కొద్దీ చిన్న చిన్న ముక్కలు. అక్కడున్న వాటిలో నాకు పేరు తెలిసింది దుమ్ము ఒక్కటే.

మన ఒంట్లో కనిపించని కరెంటు ఉంటుందనీ, అది వేలి కొస నుంచి తగిలితే ఇలాంటివి చటుక్కున చచ్చిపోతాయనీ, ముందుగా ఇనుము ముట్టుకుంటే ఆ కరెంటు పోతుందనీ ఎక్కడో చదివాను. అందుకని కిటికీ ఊచ ముట్టుకున్నాను. దుమ్ము తుడిచాను. భయమేసి మళ్లీ ఊచ ముట్టుకున్నాను. పాత కార్డు మీద చెయ్యి వేయబోయి మరోసారి ముట్టుకున్నాను.

"కిటికీకి మొక్కుతున్నారా?" అన్నారు మా అత్తగారు.

"ఒంట్లో కరెంటు ఉంటుందండీ."

"ముప్పై ఏళ్లలో ఎంతోమందిని లోపలిదాకా చూశాను. ఎవరిలోనూ కనపళ్లేదు," అని ఆవిడ ఒక వరస అల్లి, "చెయ్యి వణుకుతోంది. మా దగ్గర వణికే డాక్టరు పక్కకు తప్పుకునేవాడు," అన్నారు.

"తప్పుకోవడానికి ఇంకో డాక్టరు లేడు కదండీ."

"ఇక అంతా రోగి అదృష్టం," అన్నారావిడ.

పాత కార్డు స్క్రూ తీసి, పట్టుకుని లాగాను. కదల్లేదు. ఇంకాస్త లాగాను. కదల్లేదు. కళ్లు మూసుకుని లాగాను. టక్ మని చప్పుడైంది. ఆ చప్పుడు నా గుండెలోంచి వచ్చిందో, పెద్దాయన గుండెలోంచి వచ్చిందో కాసేపు తెలియలేదు. కళ్లు తెరిస్తే ఒక చేతిలో కార్డు, ఒళ్లో చిన్న ప్లాస్టిక్ ముక్క. కార్డు కొసను పట్టి ఉంచే కొక్కెం అది. ముందు దాన్ని పక్కకు నొక్కి, ఆ తరవాత లాగాలట. నాకు ఆ తరవాతే తెలిసింది.

"ఏదో విరిగినట్టుంది," అన్నారు మా అత్తగారు.

"విరగలేదండీ, ఊడింది."

"తేడా ఏంటో?"

"ఊడింది మళ్లీ పెట్టొచ్చు."

"పెట్టండి, చూద్దాం."

పెట్టి చూశాను. నిలబడలేదు. ముక్క అంచున పసుపుపచ్చగా ఎండిపోయిన చార ఏదో ఉంది, తయారీలోనే అలా వచ్చిందేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే మా అత్తగారు పెదవులు బిగబట్టి ఉన్నారు. నన్ను చూసి జాలిపడుతున్నారనుకుని ఇంకా భయమేసింది.

కొత్త కార్డు నిజంగానే పొడుగు. అదృష్టం బాగుండి దాని ఎదురుగా ఒక ఇనుప అర ఖాళీగా ఉంది. అందులోంచి రెండు తీగలు ఎవరికీ పట్టనట్టు వేలాడుతున్నాయి. పదకొండేళ్ల కిందట తయారుచేసినవాడు ఎంత ముందుచూపుతో చోటు వదిలాడో అని మెచ్చుకుని, తీగల్ని పక్కకు తోసి, కార్డును ఆ ఖాళీలోకి జరిపి స్లాటులో నొక్కాను. కరకరమని దిగింది. బిగించబోతే స్క్రూ చేజారి పలక కిందికి దొర్లిపోయింది.

"ఎన్ని తీశారు, ఎన్ని పెట్టారు?" సూదులు ఆపకుండానే అడిగారావిడ.

"అదీ..."

"మేము కుట్లు వేసే ముందు కత్తెర్లు లెక్కపెట్టేవాళ్లం. ఒకసారి ఒకటి తక్కువొచ్చింది."

"ఎక్కడుందండీ?"

"ఎక్కడుంటుందీ?" అన్నారావిడ నెమ్మదిగా.

పెద్దాయనను రెండు చేతులా ఎత్తి, తలకిందులు చేసి ఊపాను. నాలుగోసారి స్క్రూ నా పాదం మీద పడింది. దాన్ని చూసినంత సంతోషంగా నేను ఈ మధ్య ఎవరినీ చూడలేదు.

పదకొండున్నరకు తీగలన్నీ తగిలించి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కాను. పెద్దాయన రెండుసార్లు దగ్గాడు. నా ప్రాణం లేచొచ్చింది. తెర వైపు చూశాను. నల్లగా ఉంది. ఆకుపచ్చ గీతలు లేవు నిజమే, కానీ అసలేమీ లేదు.

పోస్టుమార్టంకు ఫోన్ చేశాను.

"మా కంప్యూటరు తెర నల్లగా అయిపోయిందండీ."

ఆయన నిట్టూర్చాడు. "ఎప్పుడు పోయింది?"

"ఇప్పుడే."

"మూత ఎవరైనా తీశారా?"

"ఎవరూ తీయలేదండీ. అది ముందే అలా ఉంది."

ఆయన ఇంకోసారి నిట్టూర్చాడు. "కొత్త కార్డు పెట్టారా సార్?"

"పెట్టాను," అన్నాను చిన్న గొంతుతో.

"తెర తీగ పెట్టె వెనకాల పైన గుచ్చారా, కింద గుచ్చారా?"

"పైన."

"అది కంప్యూటరు సొంత రంధ్రం. తీసి కింద కార్డుకున్న దాంట్లో గుచ్చండి."

గుచ్చాను. తెర ఒక్కసారిగా వెలిగింది. మంచినీళ్లలా తేటగా ఉంది, వెతికినా ఒక్క గీత లేదు. నేను ఫోను పెట్టేసి, కుర్చీలో వెనక్కి వాలి, పేపరు కూడా చేతిలోకి తీసుకున్నాను. మా ఆవిడ ఇటు తిరిగే తిరగడం మళ్లీ కళ్లముందు మెదిలింది.

అప్పుడు ఆ తేట తెర మీద తెల్లటి అక్షరాలు రెండు వరసలు వచ్చి నిలబడ్డాయి. ఇంగ్లీషులో ఉన్నా అర్థం సూటిగానే ఉంది. డిస్కు కనబడటం లేదు.

మీట ఆపి మళ్లీ నొక్కాను. అవే అక్షరాలు. గీతలు పోయి ఎంత బాగా కనబడుతున్నాయో, అంత భయంగా ఉన్నాయి. మళ్లీ పోస్టుమార్టంకు ఫోన్ చేశాను.

"డిస్కు కనబడటం లేదంటోందండీ."

"అయ్యో," అన్నాడాయన. ఆయన నోట అయ్యో రావడం అదే మొదటిసారి. "ఊపారా ఏమైనా?"

నేను వీధి తలుపు వైపు చూశాను.

"దాంట్లో ఏముంది సార్?"

"మా ఆవిడ పదకొండేళ్ల పని."

"ఇంకో కాపీ?"

"ఉండేది. చిన్న డిస్కులో. అది... కిందపడింది."

ఆయన మళ్లీ అయ్యో అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "సార్, మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పక్కనున్నారా?" అన్నాడు.

ఫోను పెట్టేశాను. గోడ మీద పన్నెండుంబావు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. తలకిందులు చేసి ఊపింది నేనే. ఆ ఊపుడుకు పదకొండేళ్ల గోడలు కూలిపోయాయి. సోమవారం ఐదింటికి ఇంజనీరు గారి ముందు మా ఆవిడ వట్టి చేతులతో నిలబడుతుంది. ఆ భయంలో మనిషన్నవాడు ఏం చేస్తాడు? నేను ఎప్పుడూ చేసేదే చేశాను. ఏమీ జరగనట్టు సర్దడం మొదలుపెట్టాను.

ప్లగ్గు తీసి, కొత్త కార్డు పీకి, పాతది పెట్టాను. కొత్తదాన్ని డబ్బాలో పెట్టి బీరువా పైకి విసిరాను. మూత వేయబోతూ ఆగాను. లోపల అద్దంలా మెరుస్తోంది. పదకొండేళ్ల దుమ్ము నేను తుడిచేశాను కదా. మా ఆవిడ మూత తీసిందంటే ఇట్టే తెలిసిపోతుంది. పరిగెత్తి చెత్తబుట్టలోంచి ఆ దుమ్ము తెచ్చి, గుప్పిట్లో పట్టుకుని, సమంగా చల్లాను.

"తుడిచిన దుమ్ము మళ్లీ చల్లే మనిషిని ఈ వయసులో చూస్తున్నాను," అన్నారు మా అత్తగారు.

"అత్తయ్యగారూ, మీరు ఏమీ చూడలేదు కదూ?"

"నాకు కళ్లద్దాలు కొత్తవి. అన్నీ కనబడుతున్నాయి," అన్నారావిడ.

మూత బిగించి, బల్ల తుడుస్తూ వచ్చాను. కీబోర్డు పక్కన చుక్కల మందు సీసా ఉంది. దాని కింద మా ఆవిడ చేతిరాతలో ఒక కాగితం. 'మెట్ల ఎత్తు ఇంకో అంగుళం తగ్గించాలి. చిన్న తరగతుల పిల్లలు దిగేటప్పుడు పరిగెడతారు.' ఎవరి పిల్లలో, ఎప్పుడు పరిగెడతారో, వాళ్లు పడకూడదని ఆవిడ కళ్లు మండించుకుని ఒక్కో అంగుళం గీసింది. నేను దాని మీద దుమ్ము చల్లి కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

గేటు చప్పుడైంది.

మా ఆవిడ లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, లంచ్ బాక్సు బల్ల మీద పెట్టి, మా ఇద్దరినీ చూసింది. "ఏంటి, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంది? పేపరు అయిపోయిందా?"

"అయిపోయింది," అన్నాను. అయిపోయింది పేపరు కాదు.

ఆవిడ కుర్చీ లాక్కుని మీట వైపు చెయ్యి చాచింది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ మీట నొక్కాలి, అది వెలగకూడదు, ఆవిడ నా వైపు తిరగాలి, నేను ఆ నాలుగు మాటలూ అనాలి. పద్దెనిమిదేళ్లుగా అలాగే గడిచింది.

"ఆగు," అన్నాను. "పెద్దాయన మూత నేనే తీశాను. కొత్త కార్డు పెట్టాను. స్క్రూ పడితే తలకిందులు చేసి ఊపాను. డిస్కు పోయింది. నీ స్కూలు పోయింది, అంతా పోయింది. అది ముందు అలా లేదు. నేను ముట్టుకున్నాకే అలా అయింది."

మా అత్తగారి సూదులు ఆగిపోయాయి. మా ఆవిడ చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

"ఇంకోసారి చెప్పండి," అంది.

"అంతానా?"

"చివరిది."

"అది ముందు అలా లేదు."

"పద్దెనిమిదేళ్లకు విన్నాను," అని ఆవిడ లంచ్ బాక్సు దగ్గరికి లాక్కుని మూత తీసింది. అందులో ఒక మెత్తటి తువ్వాలు మడత. విప్పితే లోపల నల్లటి ఇనుప దిమ్మ, చిన్న పుస్తకమంత. "పోలేదు. పొద్దున మీరు స్నానానికి వెళ్లినప్పుడు తీసి నాతో పట్టుకెళ్లాను."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఇట్టే వచ్చేసిన మూత స్క్రూలు, ముందుచూపుతో వదిలిన ఖాళీ అర, ఎవరికీ పట్టనట్టు వేలాడిన తీగలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"నీకెలా తెలిసింది?"

"గురువారం సాయంత్రం ఫోనుకు మెసేజి వచ్చింది. మీరు కొన్న గ్రాఫిక్స్ కార్డుకు మూడేళ్ల వారంటీ, మా కొట్టుకు వచ్చినందుకు ధన్యవాదాలు అని."

"నీ ఫోనుకా?"

"మీకు మీ నంబరు ఎప్పుడు గుర్తుందండీ? గ్యాసుకు నాదే ఇస్తారు, బ్యాంకుకు నాదే ఇస్తారు. దొంగతనంగా కొన్నదానికీ నాదే ఇచ్చారు."

"మరి నన్ను ఎందుకు ఆపలేదు?"

"ఆపితే ఆగుతారా? నాకు కాస్త కన్నంటుకునేదాకా చూసి, డిస్కు లోపల ఉండగానే మొదలుపెట్టేవారు. పైగా నాకూ కార్డు కావాలి. పోస్టుమార్టం గారికి ఖాళీ లేదు, నాకు సైటు పని. ఇంట్లో ఖాళీగా ఉన్నది మీరు. డిస్కు నా దగ్గరుంటే పెట్టెను మీరేం చేసినా ఫరవాలేదు, ఇంజనీరు గారి ఆఫీసులో ఇంకో కంప్యూటరుంది. మీకు కరెంటు కొట్టకుండా ప్లగ్గు సంగతి మాత్రం అమ్మకు అప్పజెప్పాను."

"మూడుసార్లు చూసుకున్నానమ్మా," అన్నారు మా అత్తగారు.

మా ఆవిడ మూత తీసింది. లోపలికి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. "కొత్త కార్డు పెట్టానన్నారు. ఇది పాతదే కదా?"

"పెట్టాను. తరవాత తీసేశాను."

"ఎందుకు?"

"ముందే అలా ఉన్నట్టు కనబడాలని."

"దుమ్ము కూడా ఉందే. మీరు తుడవలేదా?"

నేను మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"తుడిచాను," అన్నాను. మిగిలింది చెప్పకుండానే మా ఆవిడకు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగాయి. అది ఏడుపు కాదని నాకు తెలుసు.

అరగంట పట్టింది. దుమ్ము రెండోసారి తుడిచాను. కార్డు రెండోసారి పెట్టాను. ఈసారి ఆవిడ కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను నేల మీద కూర్చుని చేశాను. పాత అరలో కార్డు అడ్డం వస్తోందని ఆవిడే డిస్కును కింది అరలో పెట్టి రెండు తీగలూ గుచ్చింది. స్క్రూలు నేను పైకి లెక్కపెట్టాను, మా అత్తగారు సరిచూశారు.

పెద్దాయన దగ్గాడు. మొదట అక్షరాలు లావు లావుగా వచ్చాయి. కార్డుతో వచ్చినదేదో ఆవిడ ఎక్కించాక సర్దుకున్నాయి. స్కూలు భవనం తెర మీదకు వచ్చింది. ఒక్క గోడ కూలలేదు, మెట్లు అలాగే ఉన్నాయి. కింద మూలన చిన్న గడిలో ఇంజనీరు గారి పేరు పక్కన మా ఆవిడ పేరు. రెండు నెలలుగా ఆ పేరు మీద నుంచి ఒక ఆకుపచ్చ గీత పోయేదట. ఆవిడ కళ్లు చికిలించకుండా తన పేరు చదువుకుని, నా వైపు తిరిగింది. బస్సులో ఊహించుకున్న పది రకాల్లో అది లేదు. వాటికంటే బాగుంది.

అంతలో ఆవిడ కాలికి ఏదో తగిలింది. వంగి తీసింది. ఆ ప్లాస్టిక్ ముక్క.

"ఇదేంటి?" అంది.

నిజం చెప్పడం ఒకసారి మొదలుపెట్టాక ఆగడం కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. "కార్డును పట్టుకునే కొక్కెం. నేనే విరగ్గొట్టాను. నొక్కకుండా లాగేశాను. నన్ను క్షమించు."

మా ఆవిడ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, గబుక్కున గుప్పిట్లో దాచి, తెర వైపు తిరిగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అది ముందే అలా ఉంది అల్లుడుగారూ," అన్నారు మా అత్తగారు.

నన్ను కాపాడాలని అంటున్నారనుకుని, "వద్దండీ, నా తప్పు నాదే," అన్నాను.

"మీ తప్పు కాదు. రెండేళ్ల కిందట దుమ్ము దులుపుతానని మూత తీసి మా అమ్మాయే విరగ్గొట్టింది. ఈ కుర్చీలోంచే చూశాను. జిగురు పెట్టి అతికించి, మీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది."

పసుపుపచ్చ చార గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్లలో ఆ నాలుగు మాటలూ నిజమైన సందర్భం అదొక్కటే. సరిగ్గా అప్పుడే నేను నేరం ఒప్పుకుని, క్షమాపణ కూడా చెప్పేసుకున్నాను.

నేను మా ఆవిడ వీపు వైపు చూస్తూ ఎదురుచూశాను. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఒక మెట్టు ఎత్తు అంగుళం తగ్గించింది. ఇంకో మెట్టుది కూడా తగ్గించింది. ఆ తరవాత తెర మీద నుంచి చూపు తిప్పకుండానే, "సరే లెండి, క్షమించాను. వెళ్లి టీ పెట్టండి," అంది.

వెళ్లి పెట్టాను.